ఫార్మాట్ కొట్టకుండానే లేచిన కాంటా కంప్యూటర్

మిర్యాలగూడలో వడ్ల సీజన్ మొదలైతే రైసు మిల్లుల ముందు రోడ్డు సగం ట్రాక్టర్లదే. సాగర్ ఎడమ కాల్వ కింద కోతలన్నీ ఒకేసారి పడతాయి. మిషన్ కోసిన వడ్లు పచ్చిగానే ట్రాలీల్లోకి ఎక్కి, రాత్రనక పగలనక మిల్లుకు వస్తాయి. అట్లాంటి ఒక మిల్లులో నేను కాంటా గుమాస్తాను. బండి కాంటా మీదికి ఎక్కగానే బరువు పట్టి, చిట్టీ కొట్టి ఇవ్వడం నా పని. సీజన్ నడిమధ్యలో ఆ చిట్టీ కొట్టే కంప్యూటర్ ఒక పొద్దున లేవనంది. దాన్ని లేపడానికి ఏమేం చేశామో వరుసగా రాస్తున్నాను. మిల్లుల్లో, ఎరువుల దుకాణాల్లో, జిరాక్స్ షాపుల్లో పాత కంప్యూటర్లతో నెట్టుకొచ్చేవాళ్లకు పనికొస్తుందని.

ముందు కాంటా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మా టెన్షన్ ఎందుకో అర్థం కాదు. బరువు చూపేది కంప్యూటర్ కాదు. కాంటా పలక కింద బరువును పసిగట్టే లోడ్ సెల్స్ ఉంటాయి. వాటి మీద పడిన బరువు ఇండికేటర్ అనే చిన్న డబ్బాలోకి వచ్చి ఎర్ర అంకెల్లో కనిపిస్తుంది. ఆ డబ్బా నుంచి తొమ్మిది పిన్నుల సీరియల్ వైరు కంప్యూటర్‌కు పోతుంది. సాఫ్ట్‌వేర్ ఆ అంకెను పట్టుకుని బండి నంబరు కింద దాచుకుంటుంది. నిండు బండి బరువు ముందు పడుతుంది, దింపుకున్నాక ఖాళీ బండి బరువు పడుతుంది, రెండూ అయ్యాకే చిట్టీ బయటికి వస్తుంది. కాబట్టి కంప్యూటర్ చచ్చినా కాంటా ఆగదు, కార్బన్ పెట్టి చేత్తో రాసుకోవచ్చు. కానీ ముందు రోజు రాత్రి నిండుగా తూగి, తెల్లారేదాకా హమాలీలు దింపిన బండ్ల లెక్క ఉందే, అది మొత్తం ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. కాగితం మీద ఎక్కడా లేదు.

పొద్దున స్విచ్ వేస్తే ముందు లైటు వెలిగింది, లోపల ఫ్యాన్లు తిరిగిన చప్పుడు వచ్చింది, తెర మాత్రం నల్లగానే ఉంది. కాసేపటికి మానిటర్ లైటు నీలం నుంచి నారింజకు మారింది. ఆపి మళ్లీ వేసినా అంతే. అప్పటికే దామరచర్ల దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఖాళీ ట్రాలీతో కాంటా మీద నిలబడి ఉన్నాడు.

"నిన్న రాత్రి నా బరువు నీ డబ్బల్నే ఉన్నది గద తమ్మీ. గది లేవకపోతే నా వడ్లు ఏమైనట్టు?" అన్నాడు.

"ఏం గాదు కాకా, ఇగో ఖాళీ బరువు రాసుకుంటున్న. మీరు చాయ్ తాగి రాండ్రి" అన్నాను. అన్నాను గానీ, నా గుండె నాకు తెలుసు.

సేటు టౌన్‌లో తనకు తెలిసిన కంప్యూటర్ షాపుకు ఫోన్ కొట్టాడు. అవతలి పిల్లవాడు సగం విని, "ఫార్మాట్ కొట్టాలె సేటు, పంపియ్యండి, సాయంత్రం వరకు ఇస్తా" అన్నాడు. ఈ మాట నాకు ఎప్పుడూ నచ్చదు. తెర మీద ఒక్క అక్షరం రాకముందే ఫార్మాట్ ఏంది? ఫార్మాట్ అంటే హార్డ్ డిస్క్‌లో ఉన్న విండోస్‌ను తుడిచి కొత్తది ఎక్కించడం. మా కంప్యూటర్ ఇంకా డిస్క్ దాకా పోనే లేదు. పైగా ఆ కాంటా సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు ఎప్పుడో దుకాణం ఎత్తేశారు, సీడీ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తుడిస్తే లెక్కలే కాదు, సాఫ్ట్‌వేర్ కూడా పోతుంది. సేటుకు ఇదే చెప్పాను. "మరి ఏం జేస్తవో జెయ్యి, మధ్యాహ్నం లారీలు వస్తయి" అని ఆయన గింజల తేమ చూసుకోవడానికి పోయాడు.

నల్లగొండలో హార్డ్‌వేర్ పని చేసే బామ్మర్ది ఉన్నాడు నాకు. ఫోన్ చేస్తే వాడు అడిగిన మొదటి మాట, "బావా, లేస్తలేదు అని చెప్పకు. ఎక్కడ్దాక పోయి ఆగుతుందో చెప్పు" అని.

వాడు చెప్పిన వరుస ఇది. స్విచ్ వేయగానే ముందు ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటును లోపలి సామానుకు తగ్గట్టు మార్చే డబ్బా, కరెంటు ఇస్తుంది. తర్వాత సామానంతా తగిలించే పెద్ద బోర్డు, అంటే మదర్‌బోర్డు, తన దగ్గరున్న ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడుకునే మెమరీ ముక్కలు), డిస్‌ప్లే, కీబోర్డు సరిగ్గా ఉన్నాయా అని చూసుకుంటుంది. తర్వాత బయాస్ అని బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాం డిస్క్‌ను వెతుకుతుంది. ఆ తర్వాతే విండోస్ మొదలవుతుంది. ఈ నాలుగింటిలో ఏ మెట్టు మీద ఆగిందో తెలిస్తే చూడాల్సిన సామాను తగ్గిపోతుంది. కంపెనీ లోగో వచ్చిందంటే మొదటి రెండూ దాటినట్టే. లోగోనే రాలేదంటే విండోస్‌ను తిట్టి లాభం లేదు. మాది లోగో కూడా రాని కేసు.

మొదట మానిటర్‌ను పక్కన పెట్టాం. దాని వీజీఏ వైరు కంప్యూటర్ వైపు ఊడదీస్తే, కేబుల్ పెట్టలేదని మానిటర్ తనంతట తానే తెర మీద రాసింది. అంటే మానిటర్ బాగుంది, దానికి బొమ్మ పంపాల్సినవాడే పంపడం లేదు.

తర్వాత ఎస్‌ఎంపీఎస్. ఫ్యాన్ తిరుగుతోంది కదా కరెంటు బాగానే ఉందని నేనన్నాను. బామ్మర్ది ఒప్పుకోలేదు. ఫ్యాన్ తిరిగేది 12 వోల్టుల మీద. 5 వోల్టులు, 3.3 వోల్టులు ఇచ్చే వైర్లు వేరే, అవి పడిపోయినా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. మిల్లు ఎలక్ట్రీషియన్ దగ్గర మల్టీమీటర్ తెచ్చాను. గోడ దగ్గర ప్లగ్ పీకి, మూత తీసి, బోర్డుకు పోయే 24 పిన్నుల కనెక్టర్ ఊడదీశాం. అందులో ఆకుపచ్చ వైరు ఒక్కటే ఉంటుంది. దాన్ని పక్కనున్న ఏదైనా నల్ల వైరుతో ఒక పేపర్ క్లిప్పు పెట్టి కలిపి, అప్పుడు ప్లగ్ పెడితే ఎస్‌ఎంపీఎస్ బోర్డు లేకుండానే నడుస్తుంది. పసుపు వైరు మీద 11.9, ఎరుపు మీద 5.05, నారింజ మీద 3.3 చూపింది. అయిదు శాతం అటూ ఇటూ ఉన్నా ఫరవాలేదు కాబట్టి ఇది పాస్. ఒకటి గట్టిగా చెప్పాలి: ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూత మాత్రం విప్పొద్దు. ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన డీసీ కరెంటు కొంతసేపు నిలిచి ఉండొచ్చు. అది పాడైతే మార్చాలి, విప్పి చూసే వస్తువు కాదు.

మూత తీశాం కనుక లోపల చూశాను. చూడలేకపోయాను అనాలి. తవుడు. మిల్లు గాలిలో ఎగిరే తవుడు మామూలు దుమ్ములా దులిపితే పోయేది కాదు. అందులో నూనె ఉంటుంది, ఆ నూనె కోసమే తవుడును ఫ్యాక్టరీలకు కొనుక్కుపోతారు. ఆ జిడ్డు దుమ్ముకు వడ్లు ఉడికించే ఆవిరి తోడై, ప్రాసెసర్ మీద వేడి లాగే హీట్ సింక్ సందుల్లో తడి పిండిలా గట్టిపడి ఉంది. ర్యామ్ పెట్టే సందుల్లోనూ అదే. హమాలీ ఒకతను కంప్రెషర్ పైపు పట్టుకొచ్చాడు, "ఒక్క ఊదు ఊదితే అయిపోతది అన్నా" అని. వద్దన్నాను. మిల్లు కంప్రెషర్ గాలిలో నీటి తుంపర ఉంటుంది, ఆ ఊపుకు చిన్న ఫ్యాను ఎదురు తిరిగి బేరింగ్ పోవచ్చు, ఫ్యాను తిరిగి బోర్డులోకి ఎదురు కరెంటు పంపినా పంపొచ్చు. ఇంటికి రంగులేసే కొత్త బ్రష్షు ఒకటి తెచ్చి, ఫ్యాను రెక్కను వేలితో పట్టుకుని, ఓపిగ్గా గీకాం. దీనికి పట్టిన సమయం మిగతా పనులన్నిటికంటే ఎక్కువ.

అసలు తీగ దొరికింది ఇక్కడ. లోపం ఉంటే మదర్‌బోర్డు బీప్ కొట్టి చెబుతుంది. కానీ అసెంబుల్ చేసిన చాలా డబ్బాల్లో ఆ చిన్న స్పీకర్ పెట్టనే పెట్టరు. మా దాంట్లోనూ లేదు. స్టోర్ గదిలో పడున్న పాత డబ్బాలో నల్లటి బుడిపె ఒకటి కనిపించింది. బోర్డు మీద స్పీకర్ అని రాసి ఉన్న నాలుగు పిన్నులకు దాన్ని తగిలించి స్విచ్ వేస్తే పొడుగ్గా ఒక కూత, ఆగి మళ్లీ కూత, అట్లా మోగుతూనే ఉంది. ఫోన్లోంచే విని బామ్మర్ది, "ర్యామ్ బావా" అన్నాడు. బీప్‌ల లెక్క బయాస్ కంపెనీని బట్టి మారుతుంది గానీ, ఆగకుండా మోగే పొడుగు బీప్ చాలా బోర్డుల్లో ర్యామ్ గురించే.

ర్యామ్ ముక్కలు రెండున్నాయి, ఒక్కొక్కటి 2 జీబీ, డీడీఆర్3 రకం. ప్లగ్ పీకి, స్విచ్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోగొట్టి, క్యాబినెట్ ఇనుమును ముట్టుకుని, తర్వాతే ముక్కల మీద చెయ్యి వేశాం. బంగారు రంగు పళ్లను పిల్లలు పెన్సిల్ చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్దాను. రబ్బరు నల్లగా అయ్యింది. పొట్టు రాలితే సందులో పడకుండా బయటే దులపాలి. రెండూ ఒకేసారి పెట్టకుండా ఒక ముక్కను ఒక సందులో పెట్టి చూడాలి, రాకపోతే ఇంకో సందు, రాకపోతే ఇంకో ముక్క. ఇట్లా తిప్పితేనే చెడింది ముక్కా, సందా అన్నది తేలుతుంది. మా దాంట్లో మొదటి ముక్క ఏ సందులోనూ పలకలేదు. రెండోది పెట్టగానే ఒకే ఒక్క చిన్న బీప్, తెర మీద లోగో.

పని అయిపోయిందనుకున్నాం. లోగో తర్వాత నల్ల తెర మీద తెల్ల అక్షరాలు: సీమాస్ చెక్‌సమ్ (బోర్డు దాచుకున్న సెట్టింగుల సరిచూపు లెక్క) తప్పింది, తేదీ సమయం పెట్టలేదు, ముందుకు పోవాలంటే ఎఫ్1 నొక్కు. నొక్కితే విండోస్ బొమ్మ వచ్చింది. ఆ బొమ్మలో రంగు రెక్కలు కలిసేలోపే తెర నీలంగా మెరిసి మళ్లీ లోగో. మళ్లీ ఎఫ్1, మళ్లీ నీలం. స్టార్టప్ రిపేర్ చేస్తానని విండోసే అడిగింది, చేయనిచ్చాం, చాలాసేపు తిరిగి తన వల్ల కాదని చెప్పేసింది. అప్పుడే సేటు లోపలికొచ్చి చూసి, "గా పిల్లగాడు చెప్పినట్టు ఫార్మాట్ కొట్టిస్తే పోయేది" అన్నాడు. ఆయన తప్పేం లేదు, బయట అప్పటికే బండ్ల వరుస గేటు దాటింది.

నీలం తెర మీద ఏముందో చదవాలి, కానీ అది రెప్పపాటులో పోతుంది. విండోస్ 7లో లోగో పోగానే ఎఫ్8 నొక్కుతూ ఉంటే ఒక పట్టిక వస్తుంది. అందులో సిస్టమ్ ఫెయిలైతే తనంతట తాను రీస్టార్ట్ కావొద్దు అనే వరుస ఉంటుంది. అది ఎంచుకుంటే నీలం తెర నిలబడిపోతుంది. కింద 0ఎక్స్0000007బి అని తప్పు కోడ్ ఉంది. ఫొటో తీసి పంపించాను. బామ్మర్ది వెంటనే తిరిగి చేశాడు. "డిస్క్ పోలేదు బావా. విండోస్‌కు డిస్క్ దగ్గరికి దారి దొరుకుతలేదు. పొద్దుగాల ప్లగ్గు పీకినవా?"

పీకాను, పీకకుండా మూత తీయకూడదు కదా. సంగతి అక్కడే ఉంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది, 3 వోల్టులది. తేదీ, బయాస్ సెట్టింగులు గుర్తుంచుకోవడానికి అది కరెంటు ఇస్తుంది. అయితే ప్లగ్ పెట్టి ఉన్నంతకాలం, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా సరే, ఎస్‌ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ మీద భారం పడదు. మా కాంటా గదిలో ప్లగ్ ఎన్నడూ పీకింది లేదు. బ్యాటరీ ఎప్పుడు చచ్చిందో ఎవరికీ తెలియలేదు. మూత తీయడానికి ప్లగ్ పీకగానే బోర్డు అన్నీ మరిచిపోయి కంపెనీ సెట్టింగులకు పోయింది. మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీలో 1.2 వోల్టులే ఉన్నాయి.

మరిచిపోయినవాటిలో ముఖ్యమైనది డిస్క్‌తో మాట్లాడే పద్ధతి. డెల్ కీ నొక్కి బయాస్‌లోకి పోతే సాటా మోడ్ అని ఒక వరుస ఉంటుంది. అందులో ఐడీఈ, ఏహెచ్‌సీఐ అని రెండు. మా విండోస్‌ను ఎక్కించినప్పుడు ఏహెచ్‌సీఐలో ఎక్కించారు. దానికి ఆ డ్రైవరే మొదలు నుంచి అలవాటు. బోర్డు కంపెనీ సెట్టింగు ఐడీఈ. విండోస్ లేచి, తనకు తెలిసిన దారిలో డిస్క్ కనపడక, నీలం తెర వేసి చస్తోంది. ఏహెచ్‌సీఐ అని మార్చి, ఎఫ్10 నొక్కి సేవ్ చేశాను. రెక్కలు కలిశాయి, డెస్క్‌టాప్ వచ్చింది. కాంటా గదిలో ఉన్నవాళ్లంతా ఒక్కసారే "వచ్చింది, వచ్చింది" అన్నారు. ఇక్కడ ఒకటి గమనించాలి. ఏహెచ్‌సీఐ మంచిది, ఐడీఈ చెడ్డది అని కాదు. మీ విండోస్ ఐడీఈలో ఎక్కించి ఉంటే ఇదే నీలం తెర ఏహెచ్‌సీఐలో వస్తుంది. ఒకటి పెట్టి చూసి, కాకపోతే రెండోది. మార్చి చూసినంత మాత్రాన డిస్క్‌లో ఉన్నది చెరిగిపోదు.

డెస్క్‌టాప్ రాగానే సాఫ్ట్‌వేర్ తెరవబోతే బామ్మర్ది ఆపాడు. ముందు తేదీ. గడియారం 2010 జనవరి 1 చూపిస్తోంది. అట్లాగే చిట్టీ కొడితే ఈ సీజన్ వడ్లు 2010లో తూగినట్టు పడుతుంది, వరుస నంబర్లన్నీ కలిసిపోతాయి, రేపు డబ్బులిచ్చే దగ్గర కొట్లాట. తేదీ సరిచేసి, కాంటా ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. డిస్క్ తప్పులు వెతికే చెక్‌డిస్క్ కూడా ఇప్పుడే వద్దన్నాడు. డిస్క్ బలహీనంగా ఉంటే ఆ వెతుకులాట దాన్ని ఇంకా తోమేస్తుంది, లెక్కలు బయటపడ్డాక ఎంతైనా తోముకోవచ్చు. తర్వాత మిషన్ ఆపి, సీరియల్ వైరు బిగించి, మళ్లీ లేపాను. ఆ వైరును కరెంటు ఉండగా పెట్టడం, తీయడం మంచిది కాదు.

ముందు రోజు రాత్రి బండ్లు వరుసగా ఉన్నాయి. కార్బన్ పుస్తకంలో రాసుకున్న ఖాళీ బరువులు ఒక్కొక్కటే చేత్తో ఎక్కించి చిట్టీలు కొట్టాను. పెద్దాయన చిట్టీ తీసుకుని, చదవమని నాకు ఇవ్వలేదు, బయట ట్రాక్టర్ మీదున్న మనవడికిచ్చి చదివించుకున్నాడు. సరిపోయింది అన్నాకే కదిలాడు. నేనైనా అంతే చేస్తాను.

బస్టాండ్ దగ్గర గడియారాల దుకాణంలో సీఆర్2032 దొరికింది. ఫార్మాట్‌కు షాపువాళ్లు అడిగే డబ్బులతో పోలిస్తే అది చాయ్ ఖర్చు. పెట్టి, సెట్టింగులు మళ్లీ సేవ్ చేసి, బయాస్‌లో ఆ పేజీల ఫొటోలు ఫోన్లో తీసిపెట్టాను. ఇంకోసారి మరిచిపోతే దానికి గుర్తు చేయడానికి.

కరెంటు సంగతి కూడా అదే వారం తేల్చాం. మిల్లులో పెద్ద మోటారు ఆన్ చేసిన క్షణం అది మామూలు కంటే అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది. కాంటా గదిలో మీటర్ పెట్టి చూస్తుండగానే వోల్టేజి 190 దాకా దిగి లేచింది. ఆ దెబ్బ ఆపాల్సిన యూపీఎస్‌లో 12 వోల్టుల బ్యాటరీ ఉబ్బి ఉంది, పేరుకే యూపీఎస్. ఎలక్ట్రీషియన్ కాంటా గదికి మోటార్లతో సంబంధం లేని వేరే లైను లాగాడు, యూపీఎస్ బ్యాటరీ మార్చాడు. ఎర్తింగ్ గుంత పూర్తిగా ఎండిపోయి ఉంటే బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోశాడు. లోడ్ సెల్స్ ఉన్నచోట ఎర్తింగ్ బాగా లేకపోతే కంప్యూటర్ కంటే ముందు కాంటాయే తప్పు బరువు చూపిస్తుందని ఆయన అంటే, సేటు అప్పటిదాకా ఖర్చని గొణుగుతున్నవాడు ఇంకో గుంత కూడా తవ్వమన్నాడు.

కొత్త కంప్యూటర్ కొనొచ్చు కదా అని అడిగినవాళ్లున్నారు. కొనొచ్చు. విండోస్ 7కు కంపెనీ మద్దతు 2020 జనవరి 14తోనే అయిపోయింది, అందుకే దానికి నెట్ పెట్టం. కానీ ఇప్పుడొచ్చే చాలా డబ్బాలకు సీరియల్ పోర్టు ఉండదు, యూఎస్‌బీ కన్వర్టర్ పెట్టాలి, ఆ పాత సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్ మీద నడవాలి, నడవకపోతే కొత్త సాఫ్ట్‌వేర్ కొనాలి. సీజన్లో ఆ ప్రయోగం ఎవరు పెట్టుకుంటారు? వడ్లు తగ్గాక బామ్మర్ది వచ్చి పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు ఒక ఎస్‌ఎస్‌డీలోకి, అంటే వేగంగా నడిచే కొత్త రకం డిస్క్‌లోకి, క్లోన్ చేశాడు. పలకని ర్యామ్ ముక్క బదులు ఇంకో 2 జీబీ సెకండ్ హ్యాండ్‌ది తెచ్చి వేశాడు. మిషన్ ఇప్పుడు చప్పున లేస్తోంది. పాత డిస్క్‌ను కవర్లో పెట్టి, పైన తేదీ రాసి, సేటు బీరువాలో పెట్టించాను. రోజూ రాత్రి ఆఖరి బండి పోయాక ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నాను. నిండు బండి తూగగానే ఆ బరువును కార్బన్ పుస్తకంలో కూడా రాయమని సేటు చెప్పాడు. రాత్రి డ్యూటీ పిల్లవాడికి అది ఇంకా అలవాటు కాలేదు.